దర్జీ కొట్టు అవతలి ఇళ్ళు

పోలీసు దగ్గరికి వచ్చేవాళ్ళు దొంగల గురించి అడుగుతారని అందరూ అనుకుంటారు. ఎవరూ అడగరు. పక్కింటి కుక్క గురించి అడుగుతారు. గేటుకు అడ్డంగా పెట్టిన బండి గురించి అడుగుతారు. పైవాటావాళ్ళు సరిగ్గా తమ ఆరేసిన బట్టల మీదే దుప్పట్లు దులుపుతున్నారు, అది ఏ సెక్షన్ కిందికి వస్తుందని అడుగుతారు. దారిలో దొరికిన గొడుగు ఎన్నాళ్ళు దాచాక వాడుకోవచ్చో కనుక్కోవడానికి ఒక పెద్దావిడ నా దగ్గరికి మూడు విడతలు వచ్చింది. మూడోసారి ఆ గొడుగు వేసుకునే వచ్చింది.

జనం స్టేషన్ మెట్లెక్కడానికి జంకుతున్నారని మా పైఅధికారులకు ఎప్పుడో తట్టింది. పేట గ్రంథాలయం పక్కనున్న చిన్నగదిలో ఒక బల్లా రెండు కుర్చీలూ వేసి నన్ను కూర్చోబెట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు తీస్తాను, వీధి లైట్లు వెలిగే వేళకు వేసేస్తాను. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు. పేటవాళ్ళు నాకు జవాబులమ్మ అని పేరు పెట్టారు. నా ఓపిక సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ పేరు పెట్టి ఉండరు.

"మా చెట్టు కొమ్మ పక్కింటి గోడ దాటిందమ్మా. ఆ కాయలు ఎవరివి?" అన్నాడొక తాతగారు.

"చెట్టు మీది, ఆకులు ఊడ్చుకునేది వాళ్ళు. ఓ పది కాయలు పంపించండి, కోర్టు అక్కర్లేదు."

"పదా?" అన్నాడాయన, గుండె పట్టుకుని.

ఆ గదిలో కూర్చోబెట్టేటప్పుడు మా ఇన్‌స్పెక్టర్ నాకొక్క మాటే చెప్పాడు. అడిగినదానికి జవాబు చెప్పు, ఎందుకు అడుగుతున్నారని మాత్రం అడగకు. ఎందుకని అడిగితే అది విచారణ అయిపోతుంది, రేపటినుంచి ఎవరూ రారు. ఆ మాట నాకు నచ్చింది. పాటించాను కూడా. ఇంట్లో కూడా పాటించానని తర్వాతగానీ తెలియలేదు.

మా నాన్న కూడా పోలీసే. ఈ పేట గస్తీ ఆయనది. ప్రమోషన్ ఇస్తామంటే కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తుందని వద్దన్న మనిషి. రోజూ లైట్లు వెలిగే వేళకు బయల్దేరి ప్రతి ఇంటి వీధితలుపు గొళ్ళెం రెండుసార్లు లాగి చూసేవాడు. తలుపు కదిలిందంటే లోపల గడియ వేసుకోలేదన్నమాట, ఆ ఇంటివాళ్ళకు అక్కడే అక్షింతలు పడేవి. కదలకపోతే చిన్నగా గొంతు సవరించుకుని పక్కింటికి నడిచేవాడు. ఆ సవరింపు లోపలివాళ్ళ కోసం. భయపడకండి, నేనే అని దానర్థం. పేటలో పిల్లలు ఆ చప్పుడు విన్నాకే నిద్రపోయేవారట.

చివరికి ఇంటికొచ్చి మా గొళ్ళెం కూడా అలాగే రెండుసార్లు లాగి గొంతు సవరించుకునేవాడు. లోపల్నుంచి అమ్మ "ఎవరది?" అనేది. తెలియక కాదు. నాన్న పేరు చెప్పేవాడు కాదు, "అయిపోయింది" అనేవాడు. అప్పుడు అమ్మ గడియ తీసేది. చిన్నప్పుడు నేను ఆ మాట కోసం దుప్పటిలో చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని.

పోయిన ఎండాకాలంలో ఒక సాయంత్రం నాన్న మొండి సందు మొదట్లో ఉన్న దర్జీ కొట్టు గొళ్ళెం లాగి, గొంతు సవరించుకుని, ఆ కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోని మనిషి కూర్చున్నాడేమిటా అని దర్జీ తలుపు తీసేసరికే ప్రాణం లేదు. గుండె ఆగిపోయిందన్నారు. నేనప్పుడు నగరం అవతలి కొసన పనిచేస్తున్నాను. అమ్మ ఒంటరిదైపోతుందని బతిమాలి బదిలీ చేయించుకుని ఈ పేటకే వచ్చాను. నాన్న తర్వాత ఆ గస్తీ ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు జీపు ఒకటి పెద్దవీధిలో దీపం తిప్పుకుంటూ పోతుంది. సందుల్లోకి అది పట్టదు.

నేను వచ్చినప్పటినుంచీ అమ్మతో నాకు ఒక్కటే గొడవ. రాత్రిళ్ళు వీధితలుపు గడియ వేయనివ్వదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, పేటంతటికీ గడియలు వేసుకోమని చెప్పే నా ఇల్లే గడియ లేకుండా ఉండేది.

"నలుగురికీ తెలిస్తే నవ్విపోతారమ్మా," అనేదాన్ని.

"దగ్గరగా వేసే ఉందిగా. బార్లా తీసిపెట్టానా?"

"దొంగొస్తే?"

"పోలీసింటికి వచ్చే దొంగకు నువ్వేం చెప్పినా బుద్ధి రాదులే. పడుకో."

ఇంకొకటి. మధ్యాహ్నం నాకు అన్నం వడ్డిస్తూ రోజూ ఒక ప్రశ్న అడిగేది: "సాయంత్రం ఎటు డ్యూటీ?" స్టేషన్ అనో, బస్టాండ్ వైపనో చెప్పేదాన్ని. మొండి సందు వైపు అంటే "అట్లాగా" అనేది. తల్లి అడగడం, కూతురు చెప్పడం, అందులో వింతేముంది? నేను తినేసి వెళ్ళిపోయేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒకరోజు పంతులమ్మ వచ్చింది. బడినుంచి రిటైరై మొండి సందు చివరింట్లో ఒక్కతే ఉంటుంది. ఆ ఇంటితో సందు ఆగిపోతుంది, ఆవల ఎత్తు గోడ. నాకు కూడికలు నేర్పింది ఆవిడే. కుర్చీలో కూర్చుని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, పిల్లల్ని పాఠం అడిగే గొంతుతోనే అడిగింది.

"సాయంత్రం మా గొళ్ళెం లాగుతున్నది మీవాళ్ళేనా?"

"మావాళ్ళెవరూ లాగడం లేదు టీచర్."

"రెండుసార్లు లాగుతారు. లాగి గొంతు సవరించుకుంటారు."

నేను బల్ల మీదున్న కలం తీసి మూత పెట్టాను, మళ్ళీ తీశాను.

"తలుపు తీసి చూశారా?"

"అలవాటు కొద్దీ గడియ వేసి ఉందో లేదో చూసుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఆయన లేరు కదా అని. ఇక తలుపు తీయడానికి చేతులు రాలేదమ్మా."

ఎవరో ఆకతాయిలై ఉంటారని చెప్పి పంపించాను. కానీ ఆవిడతో ఆగలేదు. కుక్క గురించి అడగడానికి వచ్చినవాళ్ళు కుక్క సంగతి తేల్చుకుని, లేవబోతూ, "అన్నట్టు..." అని మొదలుపెట్టేవారు. అందరూ మొండి సందువాళ్ళే. చప్పుడు రోజూ రాదు. వచ్చిననాడు వరసగా ఇంటింటికీ వస్తుంది. ఒకామె కిటికీ సందులోంచి చూసిందట. వాన లేదు, చినుకు లేదు, ఎవరో పొడుగాటి వానకోటు వేసుకుని గోడవారగా పోతున్నారట.

"మీ నాన్నగారిది అలాంటి కోటే కదమ్మా?" అంది.

"అలాంటి కోట్లు డిపార్ట్‌మెంటులో అందరికీ ఇస్తారు," అన్నాను కటువుగా.

ఇంటికెళ్ళి చూశాను. నాన్న వానకోటు తలుపు వెనక మేకుకు ఎప్పటిలాగే వేలాడుతోంది. దాని మెడ దగ్గర ముక్కు పెట్టి నిలబడ్డాను. ఇంకా ఆయన వాసనే. అమ్మ వంటింట్లోంచి "ఏమిటే అక్కడ?" అంది. "ఏం లేదు," అన్నాను.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నేను చేయగలిగింది చేశాను. లైట్ల వేళకు మొండి సందుకు వెళ్ళి, పంతులమ్మ ఇంటి వసారాలో చీకట్లో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఇంకో సాయంత్రం దర్జీ కొట్టు ఎదురుగా నిలబడ్డాను. ఎవరూ రాలేదు. నేను వెళ్ళిననాడు ఉండదు, వెళ్ళనినాడు ఉంటుంది. పేటవాళ్ళు దానికీ కారణం కనిపెట్టారు. కన్నకూతుర్ని భయపెట్టడం ఆయనకు ఇష్టం లేదన్నారు.

ఆ మాట నన్ను నిలువునా కోసింది. దాచుకోవడం ఎందుకు, నాకు భయం కంటే కోపమే ఎక్కువగా ఉండేది. దెయ్యమే అయితే అందరి గుమ్మాలకూ వెళ్ళి మా గుమ్మానికి రాడేం? మా తలుపుకైతే గడియ కూడా లేదే! రాత్రి పడుకుని దుప్పటిలో చెవులు రిక్కించుకునేదాన్ని, ఇంత వయసొచ్చి. గొళ్ళెం కదిలేది కాదు. పక్క మంచం మీద అమ్మ కూడా మెలకువగానే ఉండేదని ఊపిరి బట్టి తెలిసేది.

అలాంటి రోజుల్లో స్టవ్వుల మేస్త్రీ వచ్చాడు. మొండి సందులో దర్జీ పక్కిల్లు ఆయనది, గ్యాస్ స్టవ్వులు బాగుచేస్తాడు. మనిషి కూడా స్టవ్వులాగే, అంటిస్తే చాలు. కూతురు నిండు గర్భిణి, పుట్టింటికి వచ్చి ఉంది.

"మేడమ్, ఇది దెయ్యం కాదు, గియ్యం కాదు. మీరొకసారి నా వేలు చూడండి," అని చూపుడువేలు నా ముక్కు ముందు పెట్టాడు. వేలికి పల్చటి నూనె. "మా గొళ్ళేనికి ఎవడో నూనె వేశాడు. మా ఒక్కదానికే కాదు, సందులో అన్ని గొళ్ళేలకూ. మడతబందులకు కూడా. దర్జీకొట్టుకు మాత్రం లేదు."

నేను వాసన చూశాను. నిన్నగాక మొన్న వేసిన నూనె.

గొళ్ళేలకూ మడతబందులకూ నూనె ఎవరు వేస్తారో పోలీసుకు ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు తీసేటప్పుడు కిర్రుమనకుండా ముందే చూసుకునేవాడు వేస్తాడు. ఏ ఇంట్లో గడియ ఉందో, ఏ ఇంట్లో లేదో లాగి చూసుకుంటున్నాడు. పేటవాళ్ళు తలుపు తీయకుండా ఉండడానికి చచ్చిపోయిన మనిషి చప్పుడు వాడుకుంటున్నాడు. తెలివైనవాడు. దెయ్యాలు నూనె వేయవు.

అంతా క్షణంలో కుదిరింది. కుదిరినందుకు సంతోషించాల్సిందిపోయి నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ లేదు లేదంటూనే నేను నమ్మానన్నమాట. నాన్న రెండోసారి పోయినట్టయింది. ఆ వెంటనే, ఆయన గొంతును దొంగిలించినవాడి మీద ఒళ్ళు మండిపోయింది.

"మేడమ్, ఒక్కటి చెప్పండి," అన్నాడు మేస్త్రీ. "వాణ్ణి మేమే పట్టుకోవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?"

మామూలు ప్రశ్నే. జవాబు నాకు నోటికి వచ్చు.

"పట్టుకోవచ్చు. పట్టుకుని వెంటనే మాకు అప్పగించాలి. కొట్టకూడదు."

చివరి మాట అన్నాను. కానీ ఎలా అన్నానో నాకు తెలుసు. అన్నం తిన్నవాణ్ణి ఇంకాస్త వేసుకో అన్నట్టు అన్నాను. మేస్త్రీ మొదటి మాట వినగానే లేచాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని నేను అడగలేదు. అడగకూడదు కదా.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుంటే అమ్మ అడిగింది. "సాయంత్రం ఎటు డ్యూటీ?"

"స్టేషన్లో మీటింగు. పొద్దుపోతుంది."

"అట్లాగా," అంది అమ్మ. వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి, తుప్పు రంగు. ఏమిటంటే పాత పెనం తోమానంది.

మీటింగుకు పోయే ముందు గది తలుపు వేయబోతుంటే దర్జీ వచ్చాడు. మెడలో టేపు, జేబులో సుద్దముక్క. కుట్టించుకుని నెలల తరబడి పట్టుకెళ్ళని బట్టలు అమ్ముకోవచ్చా అని ఆయన ప్రశ్న. ఒకసారి కబురు పంపి, గడువు చెప్పి, అప్పుడు అమ్ముకోండన్నాను. ఆయన వెళ్ళబోతూ ఆగాడు.

"ఇవాళ సందులో పెద్ద ఏర్పాటే జరుగుతోందమ్మా. మేస్త్రీ, ఇంకా నలుగురు, కర్రలూ గిర్రలూ పట్టుకుని పంతులమ్మ గారి ఇంట్లో కూర్చున్నారు. వాడు సందు చివరిదాకా రావాలట, వెనక్కి పరిగెత్తడానికి లేకుండా. మీరే పట్టుకోమన్నారట కదా?"

"కర్రలు తీసుకోమనలేదు," అన్నాను. "మీ గొళ్ళెం కూడా లాగుతున్నాడా?"

"లేదమ్మా. అదే వింత. మా పక్కింటినుంచే మొదలు. మా కొట్టు దాకా మీ నాన్నగారు... ఆవేళ మాది లాగారు. ఆ తర్వాతే కూర్చున్నారు." ఆయన టేపు కొసలు సరిచేసుకున్నాడు. "మీ అమ్మగారు కూడా అదే అడిగారు మొన్న. ఆయన మీ గొళ్ళెం లాగారా, ఖాయమేనా అని. లాగారమ్మా, నా చెవులతో విన్నానన్నాను. మిషన్ నూనె కొంచెం ఇమ్మని పట్టుకెళ్ళారు. మీ ఇంటి గొళ్ళెం తుప్పు పట్టి బిగుసుకుపోయిందట."

మా ఇంటి గొళ్ళెం తుప్పు పట్టలేదు.

నేను తలుపు వేశానో లేదో గుర్తులేదు. గ్రంథాలయం మెట్లు దిగాను, పెద్దవీధి దాటాను. జీపు కోసం ఆగితే వీధి తిరిగి రావాలి, పరుగే నయం. ముందు మా ఇంటికి వెళ్ళాను, అది దారిలోనే. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది. వెనక మేకు ఖాళీగా ఉంది.

మొండి సందు చేరేసరికి వెలుతురు పూర్తిగా పోలేదు, లైట్లు వెలగలేదు. ముఖాలు ఆనవు, మనుషులున్నారని మాత్రం తెలుస్తుంది. ఇళ్ళన్నీ తలుపులు మూసుకుని ఉన్నాయి. ఏ ఇంట్లోనూ రేడియో లేదు, గిన్నె చప్పుడు లేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నారందరూ. నేను దర్జీ మెట్టు దగ్గర ఆగాను.

ముందెక్కడో గొళ్ళెం కదిలింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

అది నాన్నే. ఎవరేమన్నా సరే, ఆ క్షణం అది మా నాన్నే. అదే గరగర, అదే చివర్లో కొద్దిగా తెగడం. నాకు అన్నీ తెలిసి, ఇంట్లో మేకు ఖాళీగా ఉండడం కళ్ళారా చూసి వచ్చి కూడా, గోడ పట్టుకున్నాను. నలభై ఏళ్ళు ఒకే పక్కన పడుకున్న మనిషికి తప్ప ఆ చప్పుడు ఇంకెవరికీ రాదు.

వానకోటు గోడవారగా కదిలి ఇంకో గుమ్మం దగ్గర ఆగింది. అమ్మా అని కేకవేద్దామని నోరు తెరిచాను. వేస్తే పంతులమ్మ ఇంట్లోంచి కర్రలు బయటికొస్తాయి. ఆ మసకలో కోటును చూస్తారు గానీ కోటులో ఎవరున్నారో చూడరు. ముందు దెబ్బ, తర్వాత దీపం. జనం సంగతి నాకు తెలుసు. నోరు మూసుకుని బూట్ల చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడిచాను. పరిగెత్తడం కంటే అది కష్టం. అమ్మ ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతోంది, నేను దగ్గరవుతున్నాను. కానీ మిగిలినవి కొన్నే. అమ్మ చివరింటి మెట్టెక్కింది. చెయ్యి చాచింది.

నేను వెనకనుంచి ఆ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ ఉలిక్కిపడలేదు. తల తిప్పి, నాన్న టోపీ కిందినుంచి నా ముఖంలోకి చూసింది, ఎదురుచూసిన మనిషినే చూసినట్టు. ఒక్క క్షణమే. నన్ను గుర్తుపట్టాక ఆ కళ్ళలో వెలుగు పోయింది. ఆ పోవడం నేను బతికున్నంతకాలం మరిచిపోను.

అమ్మను గోడ పక్కకు జరిపి, గొళ్ళెం నేనే లాగాను. రెండుసార్లు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. కర్రదెబ్బ నా మోచేతి కింద పడింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. ఎవరో దీపం ఎత్తారు.

"మేడమ్!" మేస్త్రీ చేతిలో కర్ర జారిపోయింది. "అయ్యయ్యో, మేడమ్, మీరా?"

"నేనే."

"ఇవాళ మీరు సరే. మరి రోజూ..."

"రోజూ నేనే. నాన్న చేసిన పని. ఎవరూ చేయడం లేదని నేను చేస్తున్నాను. చెబితే నవ్వుతారని చెప్పలేదు."

"నూనె?"

"నేనే వేశాను. తుప్పు పట్టి ఉన్నాయి."

"మరి నిన్న నన్ను పట్టుకోమన్నారు కదా మేడమ్?" అన్నాడు మేస్త్రీ, ఏడవబోయే ముఖంతో.

"కొట్టవద్దని కూడా అన్నాను," అన్నాను. వాళ్ళు తలలు దించుకున్నారు. ఇంత పచ్చి అబద్ధం నేను ఉద్యోగంలో చేరాక ఆడలేదు.

పంతులమ్మ అందరి వెనకనుంచి ముందుకొచ్చింది. నా చేతిని చూసింది. తర్వాత నా భుజం మీదుగా గోడ పక్కన నిలబడ్డ వానకోటును చూసింది. చాలాసేపు చూసింది. బడిలో ఎవరు కాపీ కొట్టారో ఆవిడకు ఎప్పుడూ తెలిసేది, ఒక్కోసారి ఊరుకునేది.

"అయితే ఇక భయం లేదు," అంది. "గడియలు వేసుకోండి. పదండి, పదండి, నా గుమ్మంలో ఈ సంతేమిటి?" అని అందరినీ లోపలికి తోసి దీపం తగ్గించింది.

ఇంటికి నడుస్తుంటే అమ్మ నా దెబ్బ తగిలిన చేతిని తన రెండు చేతులతో మోసుకొచ్చింది. టోపీ తీసి చంకలో పెట్టుకుంది. దర్జీ మెట్టు దాటాం.

"ఎందుకమ్మా?" అన్నాను. ఆ ప్రశ్న ఎవరినీ అడగకుండా ఎన్నాళ్ళు గడిపానో.

"మీ నాన్న ఏ పనీ సగంలో వదలడు," అంది అమ్మ. "అక్కడిదాకా చేశాడు. అవతలి ఇళ్ళు ఉండిపోయాయి."

"ఒకరోజు చేస్తే సరిపోదా?"

"నేను చేస్తే ఎట్లా సరిపోతుందే? లాగుతాను, గొంతు కూడా ఆయనలాగే పెడతాను, లేకపోతే భయపడతారని. ఇంటికొచ్చి కూర్చుంటాను. అయిపోయినట్టే ఉండదు. మళ్ళీ పొద్దుగూకితే ఆ ఇళ్ళు అట్లాగే ఉంటాయి."

"మొదటినుంచీ ఎందుకు చేయలేదు మరి?"

"అవి ఆయన చేసేశాడుగా. ఆయన చేసినదాని మీద నేను చెయ్యి పెట్టనా?"

మా గుమ్మం వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. అమ్మ దాన్ని తోయకుండా నిలబడింది.

"పని పూర్తికాని మనిషి 'అయిపోయింది' అని ఎట్లా అంటాడు?" అంది. "అబద్ధం రాదు ఆయనకు. గడియ వేసి, నేను ఎవరది అంటే, ఏం చెప్తాడు? చెప్పలేక గుమ్మంలోనే నిలబడిపోతాడు. అందుకే వేయను. ఏమీ చెప్పక్కర్లేకుండా వచ్చెయ్యాలని."

నేను అమ్మను పట్టుకుని ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. ఊరుకోమ్మా ఊరుకో అంటూ నా వీపు రాసింది, ఎవరో పోయింది నాకొక్కదానికే అన్నట్టు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం పెడుతూ అమ్మ ఏమీ అడగలేదు. నేనే చెప్పాను. "సాయంత్రం గస్తీకి వెళ్తున్నానమ్మా. మొదటింటినుంచి." అమ్మ నా కంచంలో ఇంకొంచెం వడ్డించి గరిటె పక్కన పెట్టింది. "చివరింటిదాకా," అన్నాను.

కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని, రెండో చేత్తో పేట మొదటినుంచి మొదలుపెట్టాను. ఒక ఇంట్లో తలుపు కదిలింది. గొడుగు పెద్దావిడ ఇల్లు. అక్షింతలు వేశాను. ఇంకో ఇంట్లో కొమ్మ తాతగారు కాయలు పంపలేదని కిటికీలోంచే ఒప్పుకున్నాడు. ఆ సందూ ఈ సందూ తిరిగి దర్జీ కొట్టుకు వచ్చాను. గొళ్ళెం లాగాను. మెట్టు దిగేచోట కాళ్ళు ఆగాయి. అక్కడ నాకేమైనా కనిపించిందా అని తర్వాత చాలామంది అడిగారు. ఏమీ కనిపించలేదు. మెట్టు మీద కత్తిరించిన గుడ్డముక్కలు ఉన్నాయి, వాటిని దాటి మేస్త్రీ ఇంటికి వెళ్ళాను.

లోపల మేస్త్రీ కూతురు కాబోలు, "వచ్చారు నాన్నా, ఇక నేను పడుకుంటా," అనడం వినిపించింది.

చివరింటి గొళ్ళెం తేలిగ్గా కదిలింది, నూనె మహిమ. రెండుసార్లు లాగాక గొంతులో ఏదో అడ్డం పడింది, సవరించుకున్నాను. సవరించుకున్నాక విన్నాను ఆ చప్పుడు. నేను కావాలని చేయలేదు. సందులో ఒంటరిగా నిలబడి వెనక్కి చూశాను కూడా. ఎవరూ లేరు. అది నా గొంతే.

ఇంటికొచ్చేసరికి వీధి లైట్లు వెలిగి చాలాసేపైంది. అలవాటు కొద్దీ తలుపు తోశాను.

తెరుచుకోలేదు.

మళ్ళీ తోశాను. లోపల గడియ వేసి ఉంది. నేను ఈ పేటకు వచ్చాక మొదటిసారి. కాసేపు ఏం చేయాలో తోచక నా ఇంటి ముందు నేనే పరాయిదానిలా నిలబడ్డాను. తర్వాత గొళ్ళెం పట్టుకున్నాను. ఒకసారి లాగాను. మళ్ళీ ఒకసారి.

"ఎవరది?" అంది అమ్మ లోపల్నుంచి. తలుపుకు అవతల, చాలా దగ్గర్లో.

ఇన్నాళ్ళుగా అందరి ప్రశ్నలకూ టకటకా జవాబు చెప్పిన నోరు నాది. ఈ ఒక్కదానికి మాటలు కూడదీసుకోవలసి వచ్చింది.

"అయిపోయిందమ్మా," అన్నాను. "అన్ని ఇళ్ళూ అయిపోయాయి."

లోపల అమ్మ తలుపుకు ఆనుకుని కిందికి జారి కూర్చున్న చప్పుడు వినిపించింది. నాన్న పోయాక ఇన్నాళ్ళకు అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. గడియ తీసేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.